గాలికీ రాయికీ మధ్య

గాలి నింపిన చక్రానికి పుట్టినప్పటి నుంచీ రాయే శత్రువు. 1845లో స్కాట్లండ్ ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్ బండ్ల కోసం అలాంటి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టంలో గాలి నింపి, పైన తోలు తొడిగాడు. గాలిని కాచిన తొలి కవచం ఆ తోలే. ఆ చక్రం వాడుకలో నిలవలేదు. 1888లో బెల్‌ఫాస్ట్ పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్, కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం తాను మళ్లీ కనిపెట్టిన గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు అతి పెద్ద గని డంపరు టైరు దాదాపు 4 మీటర్ల ఎత్తు, 5 టన్నులకు పైగా బరువు. రాయితో పోరు మాత్రం అదే.

ఈ పోరులో సగం బలం సహజ రబ్బరుది. దాన్ని లాగితే పొడవాటి అణువులు ఒక వరుసకు వచ్చి స్ఫటికాల్లా బిగుసుకుంటాయి. గాటు కొన దగ్గరే లాగుడు ఎక్కువ కాబట్టి, చీలిక సాగబోయే చోటే రబ్బరు గట్టిపడి దాన్ని నిలువరిస్తుంది. అందులో కలిపే కార్బన్ బ్లాక్ అరుగుదలను తగ్గిస్తుంది.

మిగతా బలం లోపలి పొరలది. బయాస్ టైరులో నైలాన్ దారాల పొరలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి ఖండిస్తూ ఉంటాయి. దాని పక్కగోడ మందంగా ఉండి రాళ్ల గాట్లను ఓర్చుకుంటుంది. కానీ టైరు తిరిగేకొద్దీ ఆ పొరలు ఒరుసుకుని వేడెక్కుతాయి. 1946లో మిషెలిన్ సంస్థ పేటెంటు పొందిన రేడియల్ టైరులో దారాలు అంచు నుంచి అంచుకు నేరుగా సాగుతాయి. నేలను తాకే పై పొర అయిన ట్రెడ్ కింద ఉక్కు తీగల పట్టీలు రాయి గుచ్చుకోకుండా ఆపుతాయి. ఇది చల్లగా నడుస్తుంది. పక్కగోడ పలచన కావడం దీని బలహీనత.

మందం పెంచితే చాలదా? చాలదు. రబ్బరు వేడిని త్వరగా వదలదు. మందపాటి టైరు లోపల వేడి పేరుకుని పొరలు విడిపోతే, రాయి తగలకుండానే టైరు పోతుంది. అందుకే గనుల్లో టీకేపీహెచ్ (టన్ కిలోమీటర్ పర్ అవర్) లెక్క చూస్తారు. టైరు మీద పడే సగటు బరువును టన్నుల్లో, డంపరు సగటు వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకుని గుణిస్తారు. ఖాళీగా 10 టన్నులు, లోడుతో 30 టన్నులు మోసే టైరుకు సగటు 20. వేగం 15 అయితే లెక్క 300. టైరు సామర్థ్యం అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఆ సామర్థ్యాన్ని సాధారణంగా 38 డిగ్రీల వాతావరణానికి లెక్కగడతారు. సింగరేణి ప్రాంతంలో మే ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు అదే టైరు మోయగలిగేది తగ్గుతుంది.

కాబట్టి బాటను చూసి టైరును ఎంచుకోవాలి. పదునైన రాళ్లు, తక్కువ దూరం, నిదానపు నడక అయితే లోతైన ట్రెడ్, కోతను తట్టుకునే రబ్బరు మిశ్రమం మేలు. దూరం, వేగం పెరిగితే వేడికి ఓర్చే మిశ్రమం కావాలి. గాలి తగ్గితే పక్కగోడ అతిగా వంగి వేడెక్కుతుంది. మితిమీరితే బిగుసుకున్న ట్రెడ్‌ను రాయి తేలికగా కోస్తుంది. తడిసిన రబ్బరు ఇంకా సులువుగా తెగుతుంది కనుక వానాకాలంలో బాట మీద రాళ్లను వెంటవెంటనే తీయించాలి. ఎంత మంచి టైరు కొన్నా, గ్రేడరు యంత్రం బాటను శుభ్రం చేయని చోట అది నిలవదు. టైరు ఆయుష్షు మీద డ్రైవరు ప్రాణం కూడా ఆధారపడి ఉంది. అందువల్ల బాట బాగుకు పెట్టే ఖర్చును టైరు ఖర్చులో భాగంగానే లెక్కించాలి.