పన్ను నొప్పి పోతే జబ్బు పోయినట్టేనా?



మా బడిలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె వారం రోజులపాటు దవడకు చేయి ఆనించుకునే పాఠాలు వింది. పిప్పి పన్నని ఇంట్లో లవంగం పెట్టారు. తరువాతి వారం నవ్వుతూ వచ్చి, "నొప్పి పోయింది మాస్టారూ" అంది. మేమూ సంతోషించాం. అదే మా పొరపాటు. నెల తిరక్కుండానే బుగ్గ వాచి, కన్ను మూసుకుపోయి, జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. చీము తీసి, పన్ను పీకారు. అల్లాహ్ దయవల్ల బిడ్డ కోలుకుంది. ఈ సంగతి పదిమందికీ తెలియాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పిప్పి పన్నులో పురుగు ఉంటుందని పెద్దలు అనేవారు. నిజానికి అక్కడ పురుగేదీ ఉండదు. మనం తిన్న తీపిని నోట్లోని సూక్ష్మక్రిములు ఆమ్లంగా మారుస్తాయి. పంటి పైపొర ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది. దాన్ని కూడా ఆ ఆమ్లం కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అప్పటికి నొప్పి ఉండదు. నల్లని చుక్కో, చిన్న గుంటో కనబడుతుంది, అంతే. లోపలి పొరకు చేరితే చల్లనివి తాగినప్పుడు జివ్వుమంటుంది. నరం ఉండే చోటికి చేరితే రాత్రిళ్ళు నిద్ర పట్టదు.

ఆ తరువాత ఒకరోజు నొప్పి దానంతటదే ఆగిపోవచ్చు. ఇక్కడే అందరం మోసపోతాం. నరం చచ్చిపోయింది కనుక నొప్పి తెలియదు, అంతే. క్రిములు మాత్రం వేరు చివర ఎముకలోకి దిగి చీము పట్టిస్తాయి. లవంగ నూనె, మాత్రలు నొప్పిని కప్పిపెడతాయే గాని గుంటను పూడ్చలేవు.

ఆ చీము పై పళ్ళ నుంచి కంటి వైపు, కింది పళ్ళ నుంచి నాలుక కిందికి, మెడలోకి పాకవచ్చు. మెడ వాపు ఊపిరి దారిని మూసేస్తే ప్రాణాపాయమే. ఈ జబ్బును జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లోనే వివరించాడు. గుండె కవాటాలు దెబ్బతిన్నవారికి పంటి క్రిములు రక్తంలో కలిస్తే మరింత ముప్పు. షుగర్ ఉన్నవారికి చీము త్వరగా మానదు, చీము ఉంటే షుగర్ అదుపులో ఉండదు.

ఇది పేదదేశాల కథే అనుకోవద్దు. 2007 ఫిబ్రవరిలో అమెరికాలోని మేరీల్యాండ్‌లో 12 ఏళ్ళ బాలుడు పంటి చీము మెదడుకు చేరి చనిపోయాడు. ఆ పన్ను పీకించడానికి 80 డాలర్లు చాలునని, ఆసుపత్రి ఖర్చు మాత్రం రెండు లక్షల డాలర్లు దాటుతుందని అప్పట్లో పత్రికలు రాశాయి.

మిస్వాక్ మన ప్రవక్త (స) నేర్పిన సున్నత్. మిస్వాక్ అయినా, వేప పుల్ల అయినా, బ్రష్షు అయినా గుంట పడకుండా కాపాడుతుంది. పడిన గుంటను పూడ్చవలసింది మాత్రం దంత వైద్యుడే. పాలపళ్ళు ఎలాగూ ఊడేవేనని వదిలేయకూడదు. బుగ్గ వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రభుత్వ బడుల పిల్లలను 2013లో మొదలైన ఆర్.బి.ఎస్.కె. పథకం కింద పరీక్షిస్తారు. పిప్పి పళ్ళు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పెద్దాసుపత్రికి వెళ్ళమని చీటీ రాసిస్తారు. ఆ చీటీ చాలా ఇళ్ళలో గూట్లోనే ఉండిపోతుంది. మా కాకుమాను నుంచి గుంటూరు పోయి రావాలంటే తల్లికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. నొప్పి తగ్గిందంటే ఇక ఆ ప్రయాణం ఉండదు.

దాతలకు మా మనవి ఇదే. దంత శిబిరం పెట్టి బ్రష్షులు, పేస్టులు పంచితే మంచిదే. దానితోపాటు, చీటీ అందుకున్న ప్రతి బిడ్డకూ దారి ఖర్చు, తల్లికి ఆ రోజు కూలి ఇప్పించండి. తోడుగా వెళ్ళడానికి మా ఉపాధ్యాయులం సిద్ధంగా ఉన్నాం, ఇన్‌షా అల్లాహ్.