రెండు రోజుల సెలవు, ఒక పాత రాజధాని

వారాంతపు సెలవు రాగానే హైదరాబాదు కుటుంబాలలో అధిక భాగం మాల్‌కో, రిసార్టుకో బయలుదేరుతాయి. ఎండ బాధ లేదు, భోజనం అక్కడే దొరుకుతుంది, పిల్లలు సంతోషిస్తారు. ఇందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. కాని సోమవారం నాడు “ఏం చూశావు నాన్నా?” అని అడిగితే ఆ పిల్లవానికి చెప్పడానికి మాట దొరకదు. అందుకే ఈ నెల మేము పాఠకుల ముందుంచుతున్నది బీదర్ నగరం. హైదరాబాదుకు సుమారు 140 కిలోమీటర్ల దూరం. జహీరాబాదు మీదుగా బస్సులూ, రైళ్ళూ ఉన్నాయి. నేడు కర్ణాటకలో ఉన్నప్పటికీ, 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రపు జిల్లాయే. మన పెద్దలలో అనేకులకు అక్కడ ఇప్పటికీ బంధుత్వాలున్నాయి.

బీదర్‌కు వెళ్ళినవారు సాధారణంగా కోట చూసి, ఫోటోలు దిగి, సాయంత్రానికి తిరిగి వస్తారు. కోట చూడదగినదే. పదిహేనవ శతాబ్దపు తొలి పాదంలో కట్టిన సోలా ఖంబా మస్జిద్ అందులోనే ఉంది. నల్లరాతిలో ముత్యపుచిప్పలు పొదిగిన రంగీన్ మహల్ కూడా అక్కడిదే. అయితే మా అభిప్రాయంలో ఆ ఊరికి ప్రాణం కోటలో లేదు, పాతబస్తీ వీధులలో ఉంది.

చౌబారా గోపురం నుండి కోట వైపు నడిస్తే దారిలో మహమూద్ గవాన్ మదరసా కనిపిస్తుంది. పిల్లలను అక్కడ కనీసం ఒక గంట కూర్చోబెట్టండి. గవాన్ ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతీయుడు. వర్తకుడుగా దక్కనుకు వచ్చి, బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయినాడు. 1472లో ఆయన కట్టించిన ఈ మూడంతస్తుల విద్యాలయంలో మస్జిద్, ఉపన్యాస మందిరాలు, అధ్యాపకుల నివాసాలు, విద్యార్థుల గదులు, మూడు వేల వ్రాతప్రతులున్న గ్రంథాలయం ఉండేవి. విద్యార్థులకు వసతి, భోజనం ఉచితం. ముఖభాగాన నీలం, ఆకుపచ్చ, తెలుపు పలకలపై వ్రాసిన అక్షరాలలో కొంత భాగం ఈనాటికీ నిలిచి ఉంది. రెండు మీనార్లలో ఒక్కటే మిగిలింది. పదిహేడవ శతాబ్దం చివరలో లోపల నిలువ చేసిన మందుగుండు పేలి ముఖద్వారం వైపు సగం కూలిపోయింది. పిడుగు పడి కూలిందనేవారూ ఉన్నారు.

కట్టడం కంటే కట్టించినవాని కథ పిల్లల మనసులో ఎక్కువ కాలం నిలుస్తుంది. దర్బారులోని ప్రత్యర్థులు గవాన్ ముద్ర ఉన్న ఖాళీ కాగితం సంపాదించి, దానిపై ఒరిస్సా రాజును దండయాత్రకు ఆహ్వానిస్తున్నట్టు దొంగ లేఖ వ్రాశారు. మద్యం మత్తులో ఉన్న మూడవ ముహమ్మద్ షా విచారణ లేకుండానే ఆ వృద్ధ మంత్రికి మరణశిక్ష వేశాడు. అది 1481. నిజం తెలిసిన తరువాత సుల్తాను పశ్చాత్తాపంతో కుమిలిపోయి, ఏడాది లోపే మరణించాడు. రాజ్యం కూడా ఆ తరువాత ఎంతో కాలం నిలదొక్కుకోలేదు, ముక్కలైంది. ఫోనులో వచ్చిన ప్రతి సందేశాన్నీ నిజమని నమ్మి పదిమందికీ పంపే ఈ రోజుల్లో, ఆ నకిలీ ఉత్తరం గురించి పిల్లలతో ఆ మెట్ల మీదే కూర్చుని మాట్లాడవచ్చు.

అక్కడి నుండి బిద్రీ పనివారి దుకాణాలకు నడక దూరమే. వస్తువు కొని వచ్చేయకండి, తయారీ చూడనిమ్మని అడగండి. జింకులో కొద్దిగా రాగి కలిపి, మట్టి అచ్చులో పోస్తారు. అరగదీసిన పాత్ర మీద మైలుతుత్తం నీళ్ళు పూసి నల్లబరచి, సూదిమొనతో లతలు, పూలు గీస్తారు. ఆ గీతల వెంట ఉలితో తొలిచి, వెండి తీగను సుత్తితో దిగగొడతారు. ఇంతవరకూ అది చూడడానికి మామూలు లోహపు పాత్రే. చివరి దశలోనే అద్భుతమంతా ఉంది. ఎండావానా తగలని కోట మట్టిలో నవాసారం కలిపి రుద్దితే, జింకు కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం తళతళలాడుతూ మిగులుతుంది. ఏ మట్టి పనికివస్తుందో పెద్ద పనివారు నాలుక మీద వేసుకుని చెబుతారు. 2023లో ఈ ఊరి కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ లభించింది. గౌరవం వచ్చింది గాని, చాలామంది పనివారి పిల్లలు ఉలి పట్టడం లేదు. రోజంతా వంగి చేసిన పనికి వచ్చే కూలి చూస్తే వారిని నిందించలేము. కాబట్టి బేరం ఆడేటప్పుడు కొంచెం ఆలోచించాలి. మాల్‌లో చొక్కా మీద అచ్చువేసిన ధరను మనం ప్రశ్నించము. ఇక్కడ మాత్రం సగానికి సగం అడుగుతాము.

రెండవ రోజు ఉదయం నౌబాద్ వైపు వెళ్ళండి. నేల కింద రెండు కిలోమీటర్లకు పైగా సాగే కారేజ్ అక్కడ ఉంది. ఇరానీ పద్ధతిలో తవ్విన నీటి సొరంగమది. ఎత్తయిన చోట ఒక తల్లిబావి తవ్వుతారు. దాని నుండి అతి స్వల్పమైన వాలుతో సొరంగం తీస్తారు. గాలికీ, పూడికతీతకూ మధ్య మధ్య నిలువు బావులుంటాయి. యంత్రం లేదు, ఎద్దుల మోట లేదు; వాలు ఒక్కటే నీటిని నడిపిస్తుంది. దశాబ్దాల పాటు మట్టితో, చెత్తతో పూడుకుపోయిన ఈ కాలువను ఇటీవలి సంవత్సరాలలోనే కొంత శుభ్రపరిచారు. 2014లో ప్రపంచ స్మారకాల నిధి తన హెచ్చరిక జాబితాలో బీదర్ నగరాన్ని చేర్చడానికి ఇటువంటి నిర్లక్ష్యమే ఒక కారణం. బావి అంచుల వద్ద చిన్నపిల్లల చేయి వదలవద్దు.

తిరుగు ప్రయాణానికి ముందు అష్టూరులోని బహమనీ సుల్తానుల సమాధులు చూడవచ్చు. సగం కూలిన హుమాయూన్ షా గుంబదు అక్కడే నిలబడి ఉంది. గోడ ఎంత మందమో, గుంబదు ఎలా కట్టారో కోసి చూపినట్టు తెలుస్తుంది. అహ్మద్ షా వలీ సమాధి లోపలి వర్ణచిత్రాలు చూడడానికి చిన్న టార్చి వెంట ఉంచుకోండి. ఆయన సమాధి వద్దకు ముస్లిములతో పాటు లింగాయతులూ వస్తారు.

ఒకటి రెండు ప్రయాణపు మాటలు. హైదరాబాదు నుండి వెళ్ళేవారికి ఈ దూరానికి ఖస్ర్ సౌలభ్యం వర్తిస్తుంది. పాతబస్తీలో మస్జిదులకు కొదువ లేదు, స్త్రీల ఏర్పాటు ఎక్కడుందో మాత్రం ముందే విచారించుకోవాలి. వేసవి కంటే వానలు వెలిసిన తరువాతి నెలలు మేలు. ఎర్రమట్టి కావడం చేత తెల్లని బట్టలు ఇంటి వద్దే వదిలి వెళ్ళడం మంచిది.