చిల్లు రేకుది కాదు... వాషర్‌ది!

మృగశిర కార్తె తొలి జల్లు. వీధిలో అందరూ మట్టివాసనకు మురిసిపోతుంటే రేకుల ఇంట్లోవాళ్లు మాత్రం గిన్నెలూ బకెట్లూ వెతుక్కుంటుంటారు. మంచం ఈ మూల నుంచి ఆ మూలకి జరుగుతుంది. బియ్యం బస్తా పీటెక్కుతుంది. తెల్లారగానే మేస్త్రీకి ఫోన్... ‘వేయించి పదేళ్లు కాలేదు, అప్పుడే చిల్లా?’ అంటూ. అతనొచ్చి పైకెక్కి చూస్తే రేకు నిక్షేపంలా ఉంటుంది. పాడైంది స్క్రూ తల కింద ఉండే రబ్బరు వాషర్!

ఆలోచిస్తే, స్క్రూ బిగించిన ప్రతిచోటా మనమే రేకుకి చిల్లు పెడుతున్నాం. పెద్ద షెడ్డయితే అలాంటివి వేలల్లోనే. వాటిలోంచి నీళ్లు దిగకుండా కాపలా కాసేది రూపాయి బిళ్లంత కూడా లేని ఆ వాషరే. ఒకప్పుడు జె హుక్కులు బిగించి, కింద తారు వాషర్లు వేసేవారు. ఇప్పుడు రేకునీ ఇనుప పట్టీనీ తనే తొలుచుకుంటూ దిగే స్క్రూలొచ్చాయి. వాటికుండే వాషర్ ఈపీడీఎం అనే రబ్బరుదైతే ఎండనీ వాననీ చాలాకాలం తట్టుకుంటుంది. చవకరకం నల్లరబ్బరైతే త్వరగా బీటలు వారుతుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక రబ్బరెంత!

ఎండ ఒక్కటే కాదు. 20 అడుగుల ఇనుప రేకు తెల్లవారుజాముకీ మిట్టమధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీల తేడా వస్తే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. అల్యూమినియమైతే ఆ కదలిక సుమారు రెట్టింపు. రోజూ ఈ లాగుడుకి స్క్రూ వదులవుతుంది, చిల్లు కోలగా సాగుతుంది. బిగింపులో పొరపాట్లు దానికి తోడు. గట్టిగా ఉంటుందని డ్రిల్‌తో అదేపనిగా తిప్పితే రబ్బరు నలిగి పక్కలకి ఉబికొస్తుంది. చాలీచాలకుండా బిగిస్తే సందు మిగులుతుంది. వంకరగా దిగినా అంతే. రబ్బరు లోహపు బిళ్ల అంచుకి సరిగ్గా వచ్చి ఆగితే చాలు. రేకు పల్లంలో నీరు పారుతుంది కాబట్టి, మన ముడత రేకులకి మిట్ట మీద స్క్రూ వేయడమే మేలు.

కారేది ఒకచోట... చినుకు ఇంకోచోట!

చినుకు పడుతున్నచోటికి సరిగ్గా పైన వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. స్క్రూ దగ్గర దిగిన నీరు రేకు అడుగునో పట్టీ వెంబడో జారి, ఎక్కడో అడుగుల దూరంలో కిందపడుతుంది. అందుకే పైవాలు వైపు వెతకాలి. స్క్రూ చుట్టూ తుప్పు చార, పగిలిన రబ్బరు, వేలితో తిప్పితే తిరిగే తల... ఆనవాళ్లు ఇవే.

చాలామంది తారో లప్పమో పూసేస్తారు. అది గట్టిపడి, రేకు కదిలినప్పుడల్లా చిట్లుతుంది. పైగా ఆ ముద్ద కింద తుప్పు కనిపించదు. పాత స్క్రూ తీసి కొత్త వాషరున్నది వేయడమే సరైన పని. చిల్లు పెద్దదైతే 5.5 మిల్లీమీటర్ల స్క్రూ స్థానంలో 6.3 మిల్లీమీటర్లది దించాలి. సీలెంట్ తప్పదనుకుంటే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, అది జింకు పూతని తినేస్తుంది. డ్రిల్ చేశాక మిగిలిన ఇనుప రజనుని ఊడ్చేయడం మరిచిపోకూడదు. తడి తగిలితే ఆ మరకల దగ్గరే తుప్పు మొదలవుతుంది.

తీరప్రాంతంలో ఈ పని మరీ వాయిదా వేయకూడదు. ఉప్పుగాలి స్క్రూనే కొరికేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని తాకినప్పుడు రేకులు కాగితాల్లా లేచిపోయాయి. గాలి ఎక్కువగా పైకి లాగేది చూరు అంచుల్నీ మూలల్నీ. ముందు అక్కడి స్క్రూలే చూడాలి.

ఎక్కేముందు ఇంకో సంగతి. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెడితే విరిగి మనిషి కిందపడతాడు. పలక పరిచి దాని మీదే నడవాలి. ఇనుప రేకు మీదైనా స్క్రూల వరుస వెంటే అడుగెయ్యాలి, కింద పట్టీ ఉండేది అక్కడే. తడిగా ఉన్నప్పుడు అసలే వద్దు. మీదుగా కరెంటు తీగ పోతుంటే ముందు సరఫరా ఆపించాలి.

పని పూర్తయ్యాక ఒకరు లోపల నిలబడి చూస్తుంటే మరొకరు పైపుతో నీళ్లు పట్టాలి. చూరు దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా పైకి వెళ్లాలి. మొదటే పైన పోస్తే ఏ స్క్రూ కారుతోందో తేలదు.