విలువల విద్య: పదము, విద్యార్థి దృష్టి

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున పిళ్ళైచావడి తమిళసీమ, యానాము తెలుగుసీమ. విలువల విద్యను గూర్చి ఈ రెండు చోట్ల మాధ్యమిక విద్యార్థుల నడిగినచో, ఒకే ప్రశ్న రెండర్థముల నీయవచ్చును. తమిళ పారిభాషికమగు ‘విళుమియం’ శ్రేష్ఠతను సూచించును; వెలకు ‘విలై’ వేరుగా నున్నది. తెలుగున ‘వెల’ యున్నను, ‘విలువ’ వస్తువు ఖరీదునకును గుణగౌరవమునకును చెల్లును. ‘మూల్యము’ సంగతియు నంతే. జవాబుపత్రముల మూల్యాంకనము విద్యార్థికి సుపరిచితము.

1964–66 నాటి కొఠారీ సంఘము నైతికబోధకు వారమునకు ఒకటి రెండు పీరియడులు కేటాయింప సూచించినది. 1986 జాతీయ విద్యావిధానము విలువల విద్యను పేర్కొన్నది. ‘నీతి’ నడవడిని తలపించును. ‘విలువ’ లెక్కను గూడ తలపించును. మార్కులు లేని పాఠమును విద్యార్థి విలువలేనిదిగా నెంచినచో, ఆ దోషము వాని శీలమునది కాక, పదమునదియు పరీక్షాపద్ధతిదియు కావచ్చును. కావున ప్రశ్నావళిలో పదమును మాత్రమే యుంచక, నిజము పలుకుట, తోడివానికి సాయపడుట వంటి చేతలను పేర్కొని యడుగుట యుక్తము. లేనిచో విద్యార్థి మనస్సునకు మారుగా నిఘంటువును కొలిచినట్లగును.