రష్యన్ చదువు - మన హాస్టల్ విద్యార్థులకు ఉన్న దారులు



రష్యా చదువు అనగానే మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో అందరికీ గుర్తుకొచ్చేది ఎం.బి.బి.ఎస్. ఒక్కటే. దానికి లక్షలు కావాలి. అందుకే హాస్టల్ పిల్లలం అది మనది కాదులే అని ఊరుకుంటాం. కానీ రష్యన్ భాష, ఆ దేశాల చరిత్ర, సాహిత్యం, రాజకీయాలు చదివే దారి ఇంకొకటి ఉంది. దీన్ని స్లావిక్, యురేషియా అధ్యయనాలు అంటారు. రష్యా, ఉక్రెయిన్, పోలండ్ మొదలు కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ వంటి మధ్య ఆసియా దేశాల వరకు ఇందులోకి వస్తాయి. ఈ దారిలో ఖర్చు తక్కువ, పోటీ కూడా తక్కువ. తెలిసినవాళ్ళే తక్కువ కనుక ఈ వ్యాసం.

మనకూ రష్యాకూ సంబంధం ఏమిటి?

పాత సంబంధమే. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విజయవాడ విశాలాంధ్ర ద్వారా చిన్న ఊళ్ళకు కూడా చౌకగా చేరేవి. గోర్కీ 'అమ్మ' నవల చదవని పాతతరం పాఠకులు అరుదు. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వేంకటేశ్వరరావు (ఆర్వియార్) వంటివారు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఆ పుస్తకాల రాక ఆగిపోయింది.

పరిశ్రమల్లోనూ అంతే. హైదరాబాద్ ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం సోవియట్ సహాయంతో వచ్చింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆ కంపెనీకి నేడు రష్యా ఒక పెద్ద మార్కెట్. విశాఖ ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1979లో జరిగింది. తమిళనాడులోని కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం రష్యా సహకారంతో కట్టినదే. ఇలాంటి చోట్ల భాష తెలిసిన దుబాసీల, అనువాదకుల అవసరం ఉంటుంది.

భాష కష్టమా?

రష్యన్ అక్షరాలు 33. యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, వత్తులు నేర్చుకున్న మనకు అదేమంత భారం కాదు. రష్యన్‌లో ఆరు విభక్తులున్నాయి. ఇంగ్లీషు వాళ్ళు వాటికి భయపడతారు కానీ, రాముడికి, రాముడితో, రాముణ్ణి అని రోజూ మాట్లాడే మనకు మాట చివర మారడం కొత్త కాదు. 'నేను విద్యార్థిని' అనేటప్పుడు మనం ఎలా క్రియ లేకుండా అంటామో, వాళ్ళూ 'యా స్తుద్యెంత్' అంటారు. ఇంగ్లీషులోని ఎ, ద లాంటివి రష్యన్‌లో లేవు. రెండును 'ద్వా', మూడును 'త్రి' అంటారు. కష్టమంతా క్రియల దగ్గర, ఉచ్చారణ దగ్గర వస్తుంది. దానికి రోజూ సాధన ఒక్కటే మందు.

ఇంకో ముఖ్యమైన మాట. బి.ఎ.లో రష్యన్ మొదటి అక్షరం నుంచి నేర్పుతారు. కాన్వెంట్‌లో చదివినవాడికీ, తెలుగు మీడియం హాస్టల్ పిల్లకీ అక్కడ గీత ఒక్కటే. అయితే మిగతా పాఠాలు, తోటివారి మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. కాబట్టి ఇంటర్‌లోనే ఇంగ్లీషు మీద కొంచెం శ్రద్ధ పెట్టండి.

ఎక్కడ చదవాలి?

మనకు దగ్గరిది హైదరాబాద్ తార్నాకలోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ). 1958లో మొదలైన ఈ సంస్థ పాతవారికి సీఫెల్ పేరుతో తెలుసు. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో రష్యన్ అధ్యయన కేంద్రం ఉంది. ఇంటర్ తర్వాత బి.ఎ. ఆనర్స్‌లో చేరవచ్చు. 2022 నుంచి ప్రవేశం సి.యు.ఇ.టి. పరీక్ష ద్వారా జరుగుతోంది. అదే విశ్వవిద్యాలయంలో రష్యా, మధ్య ఆసియా రాజకీయాల మీద పరిశోధన చేసే కేంద్రం వేరుగా ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో కూడా స్లావిక్ భాషల విభాగం ఉంది. ఇవన్నీ ప్రభుత్వ సంస్థలు. ఫీజులు తక్కువ, రిజర్వేషన్లు వర్తిస్తాయి.

డబ్బు ఎక్కడి నుంచి?

1. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్: కేంద్ర పథకం ప్రకారం ఏడాదికి 2.5 లక్షల లోపు ఆదాయం ఉన్న ఎస్సీ కుటుంబాల పిల్లలు వేరే రాష్ట్రంలో చదివినా అర్హులే. దరఖాస్తు మాత్రం సొంత రాష్ట్రం ద్వారా చేయాలి.

2. జె.ఆర్.ఎఫ్.: యు.జి.సి. నెట్‌లో రష్యన్ ఒక సబ్జెక్టు. ఎం.ఎ.లో ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 50 శాతం మార్కులు చాలు. 2023 జనవరి నుంచి ఫెలోషిప్ నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. ఎస్సీ పరిశోధకులకు జాతీయ ఫెలోషిప్ వేరుగా ఉంది.

3. జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్: సామాజిక న్యాయ శాఖ ఏటా 125 మందికి ఇస్తుంది. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, మార్కులు 60 శాతం ఉండాలి. విదేశంలో పి.జి., పిహెచ్.డి. చేయవచ్చు. లండన్ యూనివర్సిటీ కాలేజీలోని స్లావిక్ అధ్యయన విభాగం (1915) ఇందుకు పేరున్న చోటు. ఒక హెచ్చరిక: 2022 నిబంధనల నుంచి భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు ఇది ఇవ్వరు. రష్యన్ పుస్తకాల తెలుగు అనువాదాల మీద చేయదలచినవారికి ఇక్కడి ఫెలోషిప్పే సరైనది.

4. రష్యా ప్రభుత్వ స్కాలర్‌షిప్: ట్యూషన్ ఫీజు ఉండదు, మొదటి ఏడాది భాష నేర్పుతారు. స్టైపెండ్ చాలా తక్కువ. విమాన ఖర్చు, తిండి, బీమా మనమే చూసుకోవాలి.

జాగ్రత్తలు

2022 ఫిబ్రవరి నుంచి యుద్ధం నడిచింది. ఆ ఏడాది ఉక్రెయిన్‌లోని మన విద్యార్థులను వేల సంఖ్యలో వెనక్కి తేవలసి వచ్చింది. రష్యాలో వీసా, మాస్టర్ కార్డులు ఆగిపోవడంతో ఇంటి నుంచి డబ్బు పంపడం కష్టమయింది. ఉద్యోగమని, చదువని చెప్పి తీసుకెళ్ళి సైన్యంలో చేర్చిన ఏజెంట్ల సంగతి 2024లో బయటపడింది. ప్రాణాలు కోల్పోయినవారిలో హైదరాబాద్ యువకుడూ ఉన్నాడు. కాబట్టి ఏజెంటుకు పాస్‌పోర్టు గానీ, డబ్బు గానీ ఇవ్వవద్దు. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టవద్దు. అసలు ఈ దేశంలోనే బి.ఎ., ఎం.ఎ. ముగించి, భాష వచ్చాక వెళ్ళడం క్షేమం.

ఇప్పుడు ఏం చేయాలి?

ఇంటర్ వాళ్ళు సి.యు.ఇ.టి., ఇఫ్లూ ప్రకటనల కోసం ఎదురుచూడండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీయించి ఫైలులో పెట్టుకోండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. చాలా దరఖాస్తులు అక్కడే ఆగిపోతాయి. డిగ్రీ వాళ్ళు పాస్‌పోర్టు తీసుకోండి.

1913లో అంబేడ్కర్‌గారు కొలంబియా వెళ్ళింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే. ఆనాడు ఒక రాజు దయ కావలసి వచ్చింది. ఈనాడు అది మన హక్కుగా నిబంధనల్లో ఉంది. గడువు తేదీ లోపల దరఖాస్తు చేయడం మాత్రం మన పని. పూర్వ విద్యార్థులు తలా ఒక తమ్ముడికో చెల్లికో ఆ ఫారం నింపడంలో తోడు నిలిస్తే, వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్ నుంచి ఒక్కరైనా తార్నాకలో ఉంటారు.