మీకు తెలుసా? ఆగిన ఆటోమేటిక్ కారు ఏ గేరులో ఉండాలి?

ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారిపై ముందు లారీ ఆగితే వెనక బండ్లన్నీ ఆగాల్సిందే. అప్పుడు ఆటోమేటిక్ కారును ‘డి’ (డ్రైవ్)లో ఉంచాలా, ‘ఎన్’ (న్యూట్రల్)లోకి మార్చాలా?

అర నిమిషం, నిమిషం ఆగేటట్లయితే ‘డి’లోనే ఉంచి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుంటే చాలు. ఆగిన ప్రతిసారీ గేరు మార్చనక్కర్లేదు. టార్క్ కన్వర్టర్ ఉన్న కార్లలో ఇంజనుకూ చక్రాలకూ మధ్య లంకె నూనె ద్వారానే కాబట్టి కారు ఆగినా ఇంజను ఆగదు. అయితే ఆ నూనె కాస్త వేడెక్కుతుంది. అందుకే ఎక్కువసేపు ఆగాల్సి వస్తే ‘ఎన్’లో పెట్టి హ్యాండ్‌బ్రేకు వేయడం మేలు. కాలికీ విశ్రాంతి.

2014లో మారుతి సెలెరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) సంగతి వేరు. అందులో ఉండేది మామూలు క్లచ్చే, దాన్ని నొక్కేది మాత్రం యంత్రం. ఎత్తు మీద ఆగినప్పుడు కారు వెనక్కి జారకుండా యాక్సిలరేటరుతో నిలబెట్టారో, క్లచ్ రాసుకుని కాలిపోతుంది. చాలామంది చేసే పెద్ద తప్పు ఇదే. అక్కడ బ్రేకే వాడాలి.

ట్రాఫిక్‌లో ‘పి’ (పార్క్) వద్దు. అందులో ఉండగా వెనక నుంచి బండి గుద్దితే గేరుపెట్టెను పట్టి ఉంచే చిన్న కొక్కెం విరగొచ్చు. పార్కింగులోనైతే ముందు హ్యాండ్‌బ్రేకు వేసి, ‘పి’లో పెట్టి, ఆ తర్వాతే బ్రేకు మీది కాలు తీయండి.