అక్షరము మీద నిలిచిన ప్రకటన

హనుమకొండలో ఒక విద్యార్థిని వేయిస్తంభాల గుడిని గూర్చి వ్యాసము వ్రాయవలసి యున్నదనుకొందము. ఫోనులో ఒక వెబ్‌సైటు తెరచును. ఈ ఆలయమును 1163లో రుద్రదేవుడు కట్టించెనను మొదటి వాక్యము చదివినదో లేదో, అప్పులిచ్చువారి ప్రకటన యొకటి తెర నిండ నిలుచును. దానిని మూయు గుర్తు ఆవగింజంత. వ్రేలు తప్పినచో వేఱొక అంగడికి పోవును. తిరిగి వచ్చునప్పటికి తాను చదువుచున్న పంక్తి యెచ్చటికో జరిగియుండును. ఇది నేడు మన పిల్లల నిత్యానుభవము.

అట్లని ప్రకటనయే పాపమనుట న్యాయము కాదు. తెలుగు పత్రికకు వ్యాపారము పరాయిది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపార మారంభించిరి. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914లో అది మద్రాసు నుండి దినపత్రికగా వెలువడినది. తలనొప్పి మందు అమ్మిన సొమ్ము తెలుగువారికి పత్రిక నిచ్చినది. అయితే అచ్చు పుటలో ప్రకటన తన గడిలో తాను కూర్చుండును. చదువరి వలెనన్న చూచును, వలదన్న దాటిపోవును. అది లేచి వచ్చి చేయి పట్టుకొనదు.

ఓరుగల్లు సీమలోని ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరులు 1922లో ‘తెనుగు’ పత్రికను వెలువరించిరి. పల్లెకు అచ్చుయంత్రమును తెచ్చుకొని చేసిన సాహసమది. నేడు అట్టి పల్లెలో కూర్చుండి యంత్రము లేకయే ప్రపంచమున కంతటికి పత్రిక నడుపవచ్చును. కాని ఖర్చు గడచుట యెట్లు?

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. వెబ్‌సైటు చదువువారిలో పెక్కుమంది పైసా చెల్లింపరు. ప్రకటన ఎన్ని మారులు కనబడినదో, ఎందఱు దానిని నొక్కిరో లెక్కించి ప్రచురణకర్తకు స్వల్పముగా ముట్టజెప్పుదురు. అందు కొంత మధ్యవర్తుల పాలగును. చాలక అతడు మఱియొక ప్రకటన చేర్చును. పుట బరువెక్కి నెమ్మదించును. చదువరి డేటా వ్యర్థమగును. విసిగి అతడు మఱలిపోవును, లేదా ప్రకటనలను అడ్డగించు సాధనము పెట్టుకొనును. అది మర్యాదగల ప్రకటనను సైతము తఱచుగా ఆపివేయును. ఆదాయము తగ్గును, మఱి రెండు ప్రకటనలు చేరును. నీరు తగ్గిన బావికి మఱి రెండు మోటలు కట్టినట్లే! పొరపాటున నొక్కిన వ్రేలికి సొమ్ము చెల్లించు వర్తకునకును లాభము లేదు.

తెరపైకి ఎగిరివచ్చు ఈ కిటికీ పుట్టుక కూడ విచిత్రమైనది. 1990ల చివర అమెరికాలో ట్రైపాడ్ సంస్థలో పనిచేయుచుండిన ఈథన్ జుకర్మన్ దానికి వలయు ప్రోగ్రామును వ్రాసెను. ఒక కార్ల కంపెనీ ప్రకటన అసభ్యమైన పుటలో పడినదను ఆక్షేపణ రాగా, ప్రకటనను పుట నుండి విడదీయుటకై కల్పించిన ఉపాయమది. 2014లో ఒక వ్యాసమున ఆయన అందులకు క్షమాపణ చెప్పుకొనెను.

కట్టుబాట్లు లేకపోలేదు. ప్రకటనల వ్యాపారమున అగ్రగామియైన గూగులే, మితిమీరిన సైట్ల ప్రకటనలను తన క్రోము బ్రౌజరులో ఆపుట 2018లో మొదలిడి, 2019లో ప్రపంచమంతటికి విస్తరింపజేసినది. మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో 13 మోసపు పద్ధతులను నిషేధించినది. వార్తగా వేషము వేసిన ప్రకటన వానిలో నొకటి.

కాని చట్టము చేయలేని పని బడి చేయగలదు. ఏది పాఠమో, ఏది ప్రకటనయో వేఱుపఱచు నేర్పును ఉపాధ్యాయుడు తరగతిలోనే అలవఱుపవలెను. ఉచితమని మనము చదువునది నిజముగా ఉచితము కాదనియు, సొమ్ము చెల్లింపని చోట మన దృష్టినే చెల్లించుచున్నామనియు విద్యార్థి గ్రహింపవలెను. మంచి పత్రికకు చందా కట్టుట కూడ విద్యలో భాగమే. ప్రచురణకర్త తలపవలసిన దొక్కటి: ప్రకటన వచ్చునది చదువరిని చూచి, చదువరి వచ్చునది అక్షరమును చూచి. ఆ అక్షరమునే కప్పివేసినచో తుదకు ప్రకటనను చూచుటకైనను ఎవ్వరు మిగులరు.